డాక్టర్లకు బహిరంగ లేఖ: ‘పడలేదు’ అన్న మాటను కాగితం మీద పెట్టండి

గౌరవనీయులైన డాక్టర్లకు,

నమస్కారం. నేను ఒక జిల్లా కేంద్రంలో 22 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మీరు రాసిన చీటీ చదివి, మందులు తీసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం నా పని. రోగి మీ దగ్గరికి నెలకోసారి వస్తే, నా దగ్గరికి వారానికోసారి వస్తాడు. మీ గదిలో చెప్పడం మరిచిపోయినవి, చెప్పడానికి మొహమాటపడినవి నా కౌంటరు దగ్గర చెబుతాడు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోజూ నా చెవిన పడే మాట ఒకటుంది. ‘ఆ మందు నాకు పడలేదమ్మా.’

బీపీ మాత్ర మొదలుపెట్టిన రెండో నెల నుంచి పొడి దగ్గుతో రాత్రిళ్లు నిద్రలేని ఒక పెద్దావిడ ఆ మాట అంది. అప్పటికే ఆవిడ నాలుగు సీసాల దగ్గు మందు తాగింది. విరేచనాలకు మాత్ర వేసుకున్న ప్రతిసారీ పై పెదవి మీద అదే చోట నల్లటి మచ్చ లేస్తోందని ఒక ఆటో డ్రైవరు అన్నాడు. ఇంకో రకం బీపీ మాత్రకు పాదాలు వాచిన ఒకాయన, ఆ వాపుకు నీరు పోయే మాత్ర వాడి, దాంతో వచ్చిన నీరసానికి టానిక్కు అడగడానికి వచ్చి అదే మాట అన్నాడు. ముగ్గురూ మీలో ఎవరో ఒకరికి చెప్పే ఉంటారు. మీరు మందు మార్చి ఉంటారు. అక్కడితో ఆ సంగతి ముగిసిపోయింది.

‘పడలేదు’ అన్నది మన భాషలో చాలా మెత్తని మాట. ఊరి నీళ్లు పడలేదు, వంకాయ పడలేదు అన్నట్టే మందు పడలేదు అంటాం. మందును తప్పుపట్టం, రాసినవారినీ తప్పుపట్టం. లోపమంతా ఆ మనిషి ఒంటిదే అన్నట్టు వదిలేస్తాం. రోగి ఆ మాట అంటే నాకు బాధ లేదు. డాక్టరు కూడా ఆ మాటే అని కలం పక్కన పెట్టేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా తమ్ముడికి అప్పుడు 36 ఏళ్లు. ఆఫీసువాళ్లు చేయించిన రక్త పరీక్షల్లో యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కువగా వచ్చింది. నొప్పి లేదు, వాపు లేదు. అయినా ఒక డాక్టరు గారు అల్లోప్యూరినాల్ రాశారు. ఆ మాత్రలు నా చేతులతోనే ఇచ్చాను. ‘రోజుకొకటి, అన్నం తిన్నాక’ అని స్ట్రిప్ మీద నేనే రాశాను. మూడో వారంలో జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మంట. ఊరంతా వైరల్ జ్వరాలు తిరుగుతున్న రోజులు, అదే అనుకుని పారాసిటమాల్ ఇచ్చాను. అల్లోప్యూరినాల్ ఆపమని నాకు తోచలేదు. మూడో రోజుకు పెదవులు పగిలి రక్తం చిమ్మాయి, ఛాతీ మీద ముదురు ఎరుపు మచ్చలు లేచాయి. ఆసుపత్రికి తీసుకెళ్దామని మోచేయి పట్టుకుని లేపబోతే పైచర్మం తడి కాగితంలా జరిగి నా వేళ్లకు అంటుకుంది. ఆ స్పర్శను నేను మరిచిపోలేను.

స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అన్నారు. 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలిన గాయాలకు చేసినట్టు రోజూ శుభ్రం చేసి, కళ్లలో గంట గంటకూ చుక్కలు వేసి, కంటికి రెప్పలా చూసుకుని బతికించారు. ఆ డాక్టర్లకూ నర్సులకూ చేతులెత్తి మొక్కాను, ఇప్పటికీ మొక్కుతాను. తమ్ముడికి కళ్లలో తడి మాత్రం తిరిగి రాలేదు. పగలు నల్లకళ్లద్దాలు లేకుండా బయటికి రాలేడు. మొన్న మా నాన్న పోయినప్పుడు వాడు ఏడుస్తుంటే కన్నీళ్లు రాలేదు.

డిశ్చార్జి కాగితాలు నాలుగు పేజీలు. ఇచ్చిన ప్రతి ఇంజెక్షను, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు, అన్నీ ఉన్నాయి. జబ్బుకు కారణం అన్న చోట మాత్రం ‘మందు వల్ల వచ్చిన రియాక్షన్’ అని ఒక్క ముక్క ఉంది. ఏ మందో లేదు. వార్డులో ఉన్న కుర్ర డాక్టరు గారిని అడిగాను. చాలా మర్యాదగా, ‘అది ఆయనకు పడలేదండీ, ఇక వాడనివ్వకండి’ అన్నారు. మందుల వల్ల జరిగిన హానిని ప్రభుత్వానికి తెలిపే దుష్ప్రభావాల ఫారం నింపి పంపారా అని అడిగాను. ‘ఇది అందరికీ తెలిసిన రియాక్షనే కదండీ, కొత్తదేమీ కాదు’ అన్నారు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నాను.

ముందు మా ఇంటి సంగతే ముగిస్తాను. రెండేళ్ల తరువాత తమ్ముడికి వేరే ఊరికి బదిలీ అయింది. కాలి బొటనవేలు నొప్పి అని అక్కడొక డాక్టరును కలిశాడు. పాత కాగితాలు చూపించాడు కూడా. చీటీ ఫోటో తీసి అలవాటుగా నాకు పంపాడు. అందులో రెండో మందు అల్లోప్యూరినాలే. కంపెనీ వేరు, పేరు వేరు, డబ్బా రంగు వేరు, లోపల మందు మాత్రం అదే. ఫోను చేసి ‘వేసుకోలేదు కదా’ అని అరిచాను. ‘లేదక్కా, ఇంకా కొనలేదు’ అన్నాడు. అక్క మందుల షాపులో ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రెండో డాక్టరు గారిని నేను తప్పుపట్టను. ఆయన పాత కాగితం అడిగి మరీ చూశారు. ఆ కాగితంలో మందు పేరు లేదు.

ఇక ‘అందరికీ తెలిసిన రియాక్షనే’ అన్నదానికి జవాబు.

మూర్ఛకు వాడే కార్బమజిపైన్ వల్ల కూడా ఇదే జబ్బు వస్తుందని అన్ని దేశాల డాక్టర్లకూ తెలుసు. తైవాన్ డాక్టర్లకూ తెలుసు. తెలిసినదే కదా అని వాళ్లు వదిలేయలేదు. అలాంటి రోగులను ఒక్కొక్కరినీ నమోదు చేసి, రక్తం తీసి పరీక్షించారు. 2004లో వెలువడిన ఫలితం ప్రకారం, కార్బమజిపైన్ వల్ల ఈ జబ్బు వచ్చిన 44 మందిలో 44 మందికీ ఒకే జన్యువు ఉంది, హెచ్‌ఎల్‌ఏ-బి 15:02. మరుసటి ఏడాది అల్లోప్యూరినాల్ సంగతి చూశారు. 51 మందిలో 51 మందికీ హెచ్‌ఎల్‌ఏ-బి 58:01 ఉంది. ఆ తరువాత కార్బమజిపైన్ మొదలుపెట్టే ముందు 4,877 మందికి జన్యు పరీక్ష చేసి, ఆ జన్యువు ఉన్నవారికి వేరే మందు ఇచ్చారు. పాత లెక్కల ప్రకారం అంతమందిలో పదిమంది దాకా ఈ జబ్బు బారిన పడాలి. ఒక్కరూ పడలేదు. 2011లో ఆ ఫలితం అచ్చయింది. 2007లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆసియా మూలాలున్నవారికి కార్బమజిపైన్ ఇచ్చే ముందు ఈ పరీక్ష చేయాలని హెచ్చరించింది. ఆ హెచ్చరికలో భారతీయుల ప్రస్తావన కూడా ఉంది.

తెలిసిన రియాక్షనే. రాసిపెట్టి లెక్కపెట్టినందువల్ల అది ఎవరికి వస్తుందో తెలిసింది, ఎలా ఆపాలో తెలిసింది. మన దగ్గర ఏ మందుకు ఎందరికి వస్తోందో, ఏ వయసు వారికి వస్తోందో, పక్కన ఏ మందులు వాడుతుంటే ఎక్కువవుతోందో తెలియాలంటే మీరు రాయాలి. మా తమ్ముడి కేసు ఆ లెక్కలో ఒకటి కావలసింది.

కొత్త మందుల సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఒక మందు మీ కలం దాకా వచ్చేటప్పటికి సాధారణంగా కొన్ని వేల మంది మీదే పరీక్ష జరిగి ఉంటుంది. అందులో గర్భిణులు ఉండరు, కిడ్నీలు దెబ్బతిన్నవారు ఉండరు, ఎనిమిది రకాల మాత్రలు మింగే ఎనభై ఏళ్ల తాతలు ఉండరు. పదివేల మందిలో ఒకరికి వచ్చే రియాక్షను కనీసం ఒక్కసారైనా కంటపడుతుందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 30,000 మందికి ఆ మందు ఇచ్చి చూడాలి. అంత పెద్ద పరీక్ష మీ ఓపీలోనే జరుగుతోంది. దాని ఫలితం రాసేవారే లేరు.

ఈ మాట తెలుగు డాక్టర్లనే ఉద్దేశించి అంటున్నది కాదు. 12 దేశాల్లో జరిగిన 37 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి సమీక్ష ఒకటుంది. దుష్ప్రభావాల్లో సుమారు 94 శాతం ఎక్కడా నమోదు కావడం లేదని అది తేల్చింది. డాక్టర్లు దుష్ప్రభావాలను పసుపు కార్డు మీద రాసి పంపేలా బ్రిటన్‌లో 1964లో మొదలైన ఎల్లో కార్డు పద్ధతిని నడిపించిన విలియం ఇన్‌మన్, డాక్టర్లు రాయకపోవడానికి కారణాలను ఏడు పాపాలని పిలిచారు. మార్కెట్లోకి వచ్చిన మందు క్షేమమేనన్న ధీమా, కేసులవుతాయన్న భయం, నా చేతుల మీదుగా హాని జరిగిందే అన్న అపరాధ భావం, అనుమానమే కదా అన్న సంకోచం, బద్ధకం, ఇలా. పాపం అన్న మాట వాడటానికి నాకు మనసొప్పదు. కౌంటరు ఇవతల నుంచి చూస్తే మీ ఇబ్బందులు నాకు కనపడుతూనే ఉంటాయి.

భయం సంగతి తీసుకోండి. 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వచ్చాయి. ఆసుపత్రుల మీద దాడులు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. తెల్లకాగితం మీద ‘నేను రాసిన మందు వల్ల ఇలా జరిగింది’ అని రాసి సంతకం పెట్టడానికి చేయి ఆగడం సహజం. కానీ ఫారం వెనక ఏముందో దయచేసి ఒకసారి చదవండి. ఈ నివేదిక పంపడం డాక్టరుదో, కంపెనీదో, మందుదో తప్పని ఒప్పుకున్నట్టు కాదని అక్కడ స్పష్టంగా ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచుతామని, పంపినవారి పేరు బయటివారు అడిగినా చెప్పబోమని ఉంది. అందులో అడిగేది రోగి పేరు కాదు, పొడి అక్షరాలు. మందు రాయడం వేరు, రాసిన మందుకు రియాక్షను రావడం వేరు, అది తెలిసీ దాచడం వేరు. మొదటి రెండింటిలో మీ తప్పు లేదు.

సంకోచం గురించి. ‘ఆ మందు వల్లే అని నిరూపించలేను కదా’ అని మీలో చాలామంది నాతో అన్నారు. నిరూపించమని ఎవరూ అడగడం లేదు. ఫారం పేరులోనే ‘అనుమానిత’ అని ఉంది. 1961 డిసెంబరులో ఆస్ట్రేలియా డాక్టరు విలియం మెక్‌బ్రైడ్ లాన్సెట్ అనే వైద్య పత్రికకు రాసిన ఉత్తరం కొన్ని వాక్యాలే. వేవిళ్లు తగ్గడానికి ఇచ్చే థాలిడోమైడ్ వాడిన గర్భిణులకు పుట్టిన పిల్లల్లో అవయవ లోపాలు కనపడుతున్నాయి, మీలో ఎవరైనా ఇలాంటివి చూశారా అని అడిగారు. ఆయన దగ్గర రుజువు లేదు, అనుమానం ఉంది. దానికి కొన్ని వారాల ముందే జర్మనీలో విడుకిండ్ లెంజ్ ఇదే అనుమానాన్ని బయటపెట్టారు. అప్పటికే వేలమంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా లేకుండా పుట్టారు. ఆ దెబ్బతోనే దేశాలన్నీ కళ్లు తెరిచి, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో దుష్ప్రభావాల నమోదు మొదలుపెట్టాయి. ఈ ఫారాలన్నీ ఆ పిల్లల పేరిట పుట్టినవే.

‘రాస్తే ఎవరు చదువుతారు, ఏం జరుగుతుంది’ అని కూడా అంటారు. మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలను కనిపెట్టి చూసే కార్యక్రమం 2010 జులైలో ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రంగా మొదలై, 2011 ఏప్రిల్‌లో ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు మారింది. మీ నివేదిక వైద్య కళాశాలలో దుష్ప్రభావాలు నమోదు చేసే ఏడీఆర్ కేంద్రం ద్వారా అక్కడికి చేరుతుంది. అక్కడి నుంచి స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్న ప్రపంచ సమాచార నిధికి వెళ్తుంది. నెలసరి నొప్పికి ఆడపిల్లలు అడిగి మరీ కొనుక్కునే మెఫెనమిక్ యాసిడ్ గురించి 2023 నవంబరు 30న ఘాజియాబాద్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాల వాపుతో వచ్చే డ్రెస్ సిండ్రోమ్ కనపడవచ్చు, జాగ్రత్త అని. మన దేశంలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు పంపిన నివేదికలను చూసే ఆ మాట చెప్పారు. ఆ కాగితం చదివిన రోజు నుంచి ఆ మాత్ర ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి మాట్లాడుతున్నాను.

తీరిక లేదన్నది మాత్రం నిజమైన కారణం. ఒక పూటలో వందమందిని చూసే ప్రభుత్వ డాక్టరుకు ఇంకో కాగితం అంటే విసుగు వస్తుంది. కానీ రోగి వయసు, ఏ మందు, ఏం జరిగింది, ఎప్పుడు, చెబుతున్నది ఎవరు, ఇవి తెలిస్తే ఫారం వెళ్లిపోతుంది. అది మీరే నింపాలని కూడా లేదు. స్టాఫ్ నర్సు నింపవచ్చు, హౌస్ సర్జన్ నింపవచ్చు, మాలాంటివాళ్లం నింపవచ్చు. ఫోనులో యాప్ ఉంది. 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది, పనివేళల్లో చేసి నోటితో చెప్పినా రాసుకుంటారు.

ఇక్కడ పెద్ద డాక్టర్లకు, ప్రొఫెసర్లకు, సూపరింటెండెంట్లకు విడిగా ఒక మాట. ఈ ఫారం ఎలా నింపాలో ఇప్పుడు ఎంబీబీఎస్‌లోనే నేర్పుతున్నారు. పరీక్షలో నింపి మార్కులు తెచ్చుకున్న కుర్రాడే వార్డులోకి వచ్చాక మానేస్తున్నాడు. హౌస్ సర్జన్ ఫారం పట్టుకుని వస్తే ‘ఇప్పుడిది అవసరమా’ అని మీరు ముఖం చిట్లించిన ఒక్కసారి చాలు, అతడు జన్మలో మళ్లీ ఆ ఫారం ముట్టుకోడు. రౌండ్స్‌లో ‘ఈ వారం ఎవరికి ఏ మందు పడలేదు, రాశారా’ అని మీరే అడిగితే వార్డు అలవాటే మారిపోతుంది. ఇది చట్టాలతో, సర్క్యులర్లతో వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. పెద్దవాళ్ల నోటి నుంచి రావాలి.

మా వృత్తివారి సంగతి దాచను. ఫార్మసిస్టులు కూడా ఈ నివేదికలు పంపవచ్చు. తమ్ముడికి జరిగేదాకా నేను ఒక్కటీ పంపలేదు. పెదవి మీద మచ్చ ఉన్న ఆటో డ్రైవరును, దగ్గుతో వచ్చిన పెద్దావిడను వట్టి మాటలతో పంపించేశాను. తమ్ముడి కేసే నేను పంపిన మొదటి నివేదిక, అదీ ఆలస్యంగా. ఆ తరువాత ముప్పై పైచిలుకు పంపాను.

అందులో ఒకటి చెబుతాను. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్న ఒకావిడ నోటిపూతకు జెల్ అడగడానికి వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లోకానికి ఇచ్చిన మందు అది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ‘ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా’ అని అడిగాను. ‘రోజూ పొద్దున్నే, మరిచిపోకుండా’ అంది. తొమ్మిది రోజులుగా వేసుకుంటోంది. జెల్ ఇవ్వలేదు, అప్పటికప్పుడు ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. రక్తకణాలు బాగా పడిపోయాయి, అయినా కోలుకుంది. చీటీ మీద ‘వారానికి ఒకటి’ అన్నది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంది. ఇది మందు స్వభావం వల్ల వచ్చిన హాని కాదు, మాట చేరకపోవడం వల్ల వచ్చింది. అయినా రాసి పంపాను. వారం పేరు తెలుగులో, ‘బుధవారం మాత్రమే’ అని రాయమని చీటీ రాసిన డాక్టరు గారిని ఫోనులో అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘మంచి పని చేశారమ్మా’ అన్నారు. ఇప్పుడు ఆయన చీటీల మీద బుధవారం అని తెలుగులోనే ఉంటోంది.

మిమ్మల్ని నేను కోరేవి ఎక్కువ లేవు. రోగి ‘పడలేదు’ అన్నప్పుడు ‘ఏ మందు, ఎన్నో రోజున, ఏమైంది’ అని అడగండి. డిశ్చార్జి కాగితంలో ఆ మందు అసలు పేరు, కంపెనీ పేరు కాదు, పెద్ద అక్షరాల్లో రాయండి. ఒక చిన్న అట్టముక్క మీద అదే పేరు రాసి రోగి చేతికివ్వండి, జేబులో పెట్టుకుంటాడు. మా తమ్ముడి పర్సులో ఓటరు కార్డు వెనక నేను రాసిచ్చిన అట్టముక్క ఉంది. అంచులు నలిగిపోతే ఈ మధ్యే మళ్లీ రాసిచ్చాను.

ఇక ఫారం. మీకు నిజంగా తీరిక లేకపోతే నాలాంటివాళ్లను పిలవండి. ఖాళీ ఫారాల కట్ట నా కౌంటరు కింద ఎప్పుడూ ఉంటుంది. మా ఊళ్లో ఏ డాక్టరు గారు కబురుపెట్టినా మధ్యాహ్నం షాపు మూసే వేళలో వచ్చి, రోగితో మాట్లాడి, మీ ముందే నింపుతాను. మీరు ఒకసారి చదివి, సరిగా ఉందంటే చాలు. పంపే బాధ్యత నాది.

ఇట్లు,
మీ చీటీలు చదివే ఒక ఫార్మసిస్టు